త్రాసులో దాగిన అనుమానం

నా బల్ల మీద ఇప్పుడొక పాత దుకాణపు త్రాసు ఉంది. పోత ఇనుప పీఠం, దాని పైన రెండు గుండ్రటి ఇత్తడి పళ్ళేలు, మధ్యలో పక్షి ముక్కుల్లా ఎదురెదురుగా నిలిచిన రెండు ముళ్ళు. పళ్ళేలు రెండూ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆ ముళ్ళు ఒకదానికొకటి సూటిగా నిలవవు. ఎడమ పక్క పిసరంత దిగి ఉంటుంది. పళ్ళేలను అటుదిటు మార్చి పెడితే మొగ్గు కూడా వాటితో పాటే కుడి పక్కకు వచ్చింది కాబట్టి, తేడా త్రాసులో లేదనీ పళ్ళేల్లోనే ఉందనీ తేలింది. వాటిని విడివిడిగా తూచి చూస్తే ఒకటి రెండోదానికన్నా 2 గ్రాములు ఎక్కువ ఉంది. ఆ బరువైన పళ్ళేన్ని బోర్లించినప్పుడు, అడుగున బొటనవేలి గోరంత సీసపు బిళ్ళ అతికించి కనిపించింది.

ఆ సీసం దొరదా, దొంగదా అన్న ప్రశ్న నన్ను మూడు వారాలు వేధించింది. రెండు పళ్ళేలూ సమానంగా తూగడానికి తయారీదారే అడుగున సీసం పోసి సరిచేయడం ఈ వృత్తిలో మామూలు సంగతి. సరుకు పెట్టే పళ్ళేనికి గుట్టుగా కాస్త బరువు చేర్చి, ఏళ్ళ తరబడి దండి కొట్టడం కూడా కొత్త సంగతేమీ కాదు. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి. దీని సంగతి చివర్లో చెబుతాను; ఎందుకంటే అది తేలడానికి నేను ఇన్నేళ్ళుగా పాత త్రాసుల దగ్గర నేర్చుకున్నదంతా అవసరమైంది.

మొదట్లో నేను వాటిని అందం కోసమే కొనేవాణ్ణి. ఇత్తడి మెరుపు, గొలుసుల వేలాట, నల్లటి ఇనుము మీద బంగారు రంగు గీతలు చూసి ఇష్టపడి తెచ్చుకునేవాణ్ణి. ఒక్కొక్కటీ విప్పి చూడటం మొదలుపెట్టాక నా దృష్టి మారింది. పాత త్రాసులో ఉన్న ప్రతి భాగమూ, ప్రతి ముద్రా, ప్రతి గీతా ఎవరో ఎవరినో నమ్మకపోవడం వల్ల అక్కడికి వచ్చినవే. అమ్మేవాణ్ణి కొనేవాడు నమ్మలేదు, ఇద్దరినీ ప్రభుత్వం నమ్మలేదు, నాణేన్ని ఎవరూ నమ్మలేదు. సేకరించేవాడికి త్రాసు విలువ ఆ అనుమానాల గుర్తులు ఎంత చెక్కుచెదరకుండా మిగిలాయన్న దాని మీదనే ఉంటుందని ఇప్పుడు నా అభిప్రాయం.

సమ భుజాల త్రాసుతో మొదలుపెడతాను. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆని పాపిరస్ అనే ప్రాచీన ఈజిప్టు బొమ్మల గ్రంథం క్రీస్తుపూర్వం 13వ శతాబ్దం నాటిది. చనిపోయినవాడి గుండెను ఒక పళ్ళెంలోనూ, సత్యానికి గుర్తైన ఈకను మరో పళ్ళెంలోనూ పెట్టి తూచే దృశ్యం అందులో ఉంది. అందరూ ఆ గుండెను, ఈకను చూస్తారు. త్రాసులు పోగుచేసేవాడి కన్ను మాత్రం అనూబిస్ చేతి మీదికి పోతుంది. నక్క తల గల ఆ దేవుడు త్రాసు పక్కన కూర్చుని, దండం నడుమ నుంచి వేలాడే తూకపు గుండును చేత్తో సరిచూస్తున్నాడు. దండం సమంగా ఉందో లేదో కంటికి వదిలేయకుండా, గుండుతో పోల్చి చూడాలన్న జాగ్రత్త అప్పటికే ఉందన్నమాట. దేవతల కొలువులో కూడా త్రాసును తనిఖీ చేయక తప్పలేదు.

సమ భుజాల త్రాసులో ప్రాణం మూడు కత్తి అంచుల్లో ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో వాటిని క్షురధారలు అనేవారు. దండం మధ్యలో ఒకటి, పళ్ళేలు వేలాడే రెండు కొసల్లో ఒక్కొక్కటి ఉంటాయి. మూడూ ఒకే సరళరేఖలో ఉండాలి. దండం గరిమనాభి నడిమి అంచుకు కొద్దిగా కింద ఉండాలి. మరీ కిందికి ఉంటే త్రాసు బద్ధకంగా తయారై చిన్న తేడాను పట్టించుకోదు. సరిగ్గా అంచు మీదే ఉంటే ముల్లు ఎక్కడ పెడితే అక్కడే నిలిచిపోతుంది. పైకి పోతే దండం తలకిందులవుతుంది. పాత త్రాసును చేతికి తీసుకున్నప్పుడు నేను ముందు చూసేది ఈ అంచుల్నే. అలంకారానికని ఈ మధ్య తయారుచేసి, పాతవని చెప్పి అమ్మే ఇత్తడి త్రాసుల్లో కత్తి అంచు ఉండాల్సిన చోట గుండ్రటి చీలో, మరమేకో ఉంటుంది. అలాంటిది ఊగుతుంది గానీ తూచదు.

అంచులు బాగున్నా భుజాలు సమానంగా లేకపోతే తూకం తప్పుతుంది. ఒక భుజం 100 మిల్లీమీటర్లు, రెండోది 101 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. ఆ మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. కానీ పొడుగు భుజం వైపు సరుకు పెట్టి, పొట్టి వైపు కిలో రాయి వేస్తే 990 గ్రాముల సరుకుకే ముల్లు మధ్యకు వచ్చేస్తుంది. ఖాళీ పళ్ళేలు సమంగా నిలిచేలా ముందే సరిచేసి ఉంచితే చూసేవాడికి అనుమానం రావడానికి ఏ ఆధారమూ ఉండదు. దీన్ని పట్టుకోవడానికి ఒక్కటే ఉపాయం: సరుకునూ రాళ్ళనూ పక్కలు మార్చి మళ్ళీ తూచాలి. ఒకసారి 1010, ఇంకోసారి 990 గ్రాములు చూపిస్తే త్రాసు దొంగదని తేలిపోతుంది. అయినా అసలు బరువు దాగదు. ఆ రెండు అంకెలనూ గుణించి వర్గమూలం తీస్తే కిలో దగ్గరే తేలుతుంది. గణిత శాస్త్రవేత్త గాస్ పేరుతో పిలిచే ఈ పద్ధతి, వంకర త్రాసుతో కూడా నికరమైన తూకం తీయవచ్చని చెబుతుంది. ఫ్రాన్సుకు చెందిన బోర్డా ఇంకో దారి చూపాడు: వస్తువును ఒక పళ్ళెంలో పెట్టి, రెండో దానిలో సీసపు గుళ్ళు పోసి సమం చేసి, తర్వాత వస్తువును తీసి దాని స్థానంలోనే రాళ్ళు వేయాలి. వస్తువూ రాళ్ళూ ఒకే భుజాన తూగుతాయి కాబట్టి భుజాల తేడాతో పనే లేదు. 1945లో స్విట్జర్లాండులో ఎర్హార్డ్ మెట్లర్ తీసుకువచ్చిన ఒంటి పళ్ళెం ప్రయోగశాల త్రాసు ఈ సూత్రం మీదే పనిచేసింది.

నా బల్ల మీది త్రాసు ఈ జాతిది కాదు. ఇది రోబర్వాల్ త్రాసు. నా దృష్టిలో సేకరణకు ఇంతకన్నా ఆసక్తికరమైన జాతి లేదు. వేలాడే పళ్ళేలకు గొలుసులు అడ్డం వస్తాయి, పెద్ద వస్తువు పెట్టడం కష్టం, గాలికి ఊగుతాయి. పళ్ళేలు దండం పైన కూర్చుంటే బాగుండునని ఎవరికైనా తోస్తుంది. కానీ అలా కూర్చోబెడితే పళ్ళెంలో బరువు కాస్త పక్కకు జరిగినా ఒరిగిపోతుంది. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త జిల్ పెర్సోన్ ద రోబర్వాల్ 1669లో పారిస్‌లోని విజ్ఞాన శాస్త్ర అకాడమీ ముందు ఒక వింత చట్రాన్ని పెట్టాడు. పైన ఒక దండం, దానికి సమాంతరంగా కింద మరో దండం, రెండింటి కొసలనూ కలుపుతూ రెండు నిలువు కడ్డీలు: ఆ నాలుగూ కీళ్ళ మీద కదిలే సమాంతర చతుర్భుజం. నిలువు కడ్డీలకు అడ్డంగా బిగించిన చేతుల మీద సమానమైన బరువులను వేలాడదీస్తే, ఒకటి మధ్యకు దగ్గరగానూ మరొకటి దూరంగానూ ఉన్నా త్రాసు చలించలేదు. తులాసూత్రం తెలిసినవారందరికీ అది తలతిరిగే సంగతి. దూరం పెరిగితే బరువు ఎక్కువ తూగాలి కదా. అందుకే దాన్ని స్థితిశాస్త్రపు పొడుపుకథ అని పిలిచారు.

విప్పి చూస్తే పొడుపు విడిపోతుంది. కడ్డీలు ఎప్పుడూ నిలువుగానే కదులుతాయి. ఒకటి ఎంత దిగితే రెండోది అంతే పైకి లేస్తుంది. పళ్ళెంలో ఏ మూలన బరువు పెట్టినా అది దిగే ఎత్తు ఒక్కటే కాబట్టి, మూల మారితే తూకం మారదు. మరి పక్కకు జరిగిన బరువు ఒరగదోసే బలం ఎక్కడికి పోతుంది? కింది దండం దాన్ని అడ్డంగా భరిస్తుంది. ఆ భారమంతా కీళ్ళ దగ్గర ఒరిపిడిగా మారుతుంది. రోబర్వాల్ త్రాసు గొలుసుల త్రాసంత సున్నితంగా ఉండకపోవడానికి కారణం ఇదే. పందొమ్మిదో శతాబ్దం నడుమ లియోన్‌కు చెందిన జోసెఫ్ బెరాంజె పీఠం లోపల అదనపు మీటలు చేర్చి ఈ ఒరిపిడిని బాగా తగ్గించాడు. బయటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి; బోర్లించి చూస్తే తప్ప బెరాంజె త్రాసును రోబర్వాల్ నుంచి విడదీయడం కష్టం. అందుకే ఎవరైనా దుకాణపు త్రాసు ఫొటో పంపించి ఇది ఏమిటని అడిగితే, అడుగు ఫొటో కూడా పంపమంటాను.

ఇలాంటి త్రాసును పరీక్షించే తీరు ఆ పొడుపుకథలోనే ఉంది. ఎడమ పళ్ళెం నడుమ ఒక రాయి, కుడి పళ్ళెం నడుమ అంతే రాయి పెట్టి ముళ్ళను చూడాలి. తర్వాత ఒక రాయిని పళ్ళెం బయటి అంచుకు, లోపలి అంచుకు, ముందుకు, వెనక్కు జరుపుతూ ప్రతిసారీ చూడాలి. ముళ్ళు కదలకపోతే చట్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. అంచు మారినప్పుడల్లా కదిలితే కింది దండం కీలు అరిగిందనో, దాన్ని ఎవరో విప్పి తప్పు కొలతతో బిగించారనో అర్థం. నా త్రాసు ఈ పరీక్షలో నెగ్గింది. పళ్ళేల మధ్య ఉన్న 2 గ్రాముల తేడా తప్ప దానిలో ఏ దోషమూ లేదు.

స్ప్రింగు త్రాసులంటే నాకు అంత మక్కువ లేదు, కానీ వాటి చుట్టూ ఉన్న అనుమానం మాత్రం ముచ్చటైనది. స్ప్రింగు సాగడం దాని మీది బలానికి అనులోమంగా ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ఇంగ్లండులోని బిల్‌స్టన్‌లో రిచర్డ్ సాల్టర్ పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో జేబులో పట్టే స్ప్రింగు త్రాసులు తయారుచేశాడు. ఆ కుటుంబం పేరు ఆ తర్వాత వంటింటి త్రాసుల మీదికి ఎక్కింది. రాళ్ళు అక్కర్లేదు, పళ్ళేలు అక్కర్లేదు, తగిలించి అంకె చదువుకుంటే చాలు. కానీ సమ భుజాల త్రాసు ద్రవ్యరాశిని ద్రవ్యరాశితో పోలుస్తుంది. స్ప్రింగు మాత్రం భూమి లాగే బలాన్ని కొలుస్తుంది. ఆ బలం భూమధ్యరేఖ దగ్గర కన్నా ధ్రువాల దగ్గర అర శాతం ఎక్కువ. భూమధ్యరేఖ దగ్గర సరిచేసిన స్ప్రింగు త్రాసు ధ్రువం దగ్గర కిలో వస్తువును దాదాపు 5 గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. పైగా వేడికి స్ప్రింగు మెత్తబడుతుంది, వాడకానికి అలుస్తుంది. ఇళ్ళకోసం చేసిన పాత త్రాసుల ముఖాల మీద ‘వ్యాపారానికి చెల్లదు’ అన్న అర్థం వచ్చే హెచ్చరిక కనిపించడం ఇందుకే. అమెరికాలోని టొలీడో కంపెనీ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ఈ అనుమానాన్నే పెట్టుబడి చేసుకుంది. స్ప్రింగు బదులు లోలకాన్ని వాడి, ‘స్ప్రింగులు లేవు, నిజాయితీ తూకం’ అనే నినాదంతో త్రాసులు అమ్మింది. అంకెల ముఖం ఉన్నంత మాత్రాన దేన్నీ స్ప్రింగు త్రాసు అనుకోకూడదని నాకు నేర్పింది ఆ కంపెనీ త్రాసే.

ఇక రాళ్ళ సంగతి. ఇత్తడివైనా, ఇనుపవైనా, సీసానివైనా తెలుగులో వాటిని రాళ్ళు అనే అంటాం. ఆ మాటలో చరిత్ర ఉంది. సింధు నాగరికత నగరాల్లో దొరికిన తూనికలు నిజంగా రాళ్ళే: చెర్టు అనే గట్టి రాతితో నున్నగా చెక్కిన ఘనాలు, ఒకదానికొకటి రెట్టింపుగా 1, 2, 4, 8, 16, 32, 64 వరకూ సాగే వరుస, అందులో 16 వంతుల రాయి దాదాపు 13.7 గ్రాములు. వాటి మీద అంకె ఉండదు. ఎంత బరువో చేతికి తెలిసినవాడి కోసం చేసిన వస్తువులవి.

యూరప్‌లో న్యూరెంబర్గ్ కళాకారులు 16వ శతాబ్దం నుంచి చేసిన గిన్నెల తూనికలు ఆ రెట్టింపు వరుసనే మరో రూపంలో పెట్టాయి. ఒకదానిలో ఒకటి ఇమిడే ఇత్తడి గిన్నెలు, అన్నిటికీ బయట మూత ఉన్న డబ్బా. లోపలి రెండు చిన్నవీ సమానం. ఆపైన ప్రతి గిన్నే తన లోపల ఉన్నవాటన్నిటి మొత్తానికి సమానం. 1, 1, 2, 4, 8, 16, బయటి డబ్బా 32, మొత్తం కలిపి 64. ఏ గిన్నె అరిగినా, ఏ గిన్నెను మార్చినా, దాని లోపలివాటితో తూచి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. అంటే ఆ గిన్నెల కట్టే తన మీద తాను కాపలా కాస్తుంది. బయట రెండు గుర్రాలో, మనుషుల బొమ్మలో ఉన్న పిడిని చూసి మురిసి కొనేవారు లోపలి గిన్నెలు లెక్క సరిపోతాయో లేదో చూడటం మరిచిపోతారు. నేను చూసిన వాటిలో పిడి ఎంత అందంగా ఉంటే లోపల అంత తరుగు ఉండేది.

నాణేల త్రాసు పెట్టెల్లో అనుమానం ఇంకా ముక్కుసూటిగా కనిపిస్తుంది. బంగారు నాణెం అంచులను కొద్దికొద్దిగా గీకి బంగారం దాచుకునే రోజుల్లో, చేతికి వచ్చిన నాణేన్ని తూచకుండా తీసుకోవడం అమాయకత్వమే అయ్యేది. ఆంట్వెర్ప్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్ నగరాల్లో తయారైన పెట్టెల్లో ఒక చిన్న చేతి త్రాసు, చెక్కలో తొలిచిన గుంటల్లో వరుసగా చతురస్రపు ఇత్తడి బిళ్ళలు ఉంటాయి. ప్రతి బిళ్ళ మీదా ఒక నాణెం బొమ్మ అచ్చువేసి ఉంటుంది. ఆ నాణెం ఎంత తూగాలో ఆ బిళ్ళ అంత తూగుతుంది. అంకెలు చదవడం రానివాడు కూడా బొమ్మను బొమ్మతో పోల్చి తూచుకోగలడు. మూత లోపల తయారీదారు పేరు, ఊరు అచ్చువేసిన కాగితం అంటించి ఉంటే పెట్టె విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంగ్లండులో గినీ నాణెం కోసం ప్రత్యేకంగా మడత త్రాసులు వచ్చాయి. మూత తెరిస్తే త్రాసు దానంతట అదే లేచి నిలబడుతుంది; 8.4 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉండే గినీని పెడితే, సరైనదైతే కిందికి వాలుతుంది, తక్కువైతే కదలదు. జేబులో పెట్టుకు తిరిగే అపనమ్మకం అది.

నేను చేసిన తప్పులు కూడా రాళ్ళ దగ్గరే ఎక్కువ. ఒక మందుల త్రాసు పెట్టెలో చిన్న ఇత్తడి బిళ్ళ మీద ‘3’ అంకెలాంటి గుర్తు ఉంది. తూచితే 3.89 గ్రాములు వచ్చింది. పాత వైద్యుల కొలతలో 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, అంటే దాదాపు 1.3 గ్రాములు, మూడు స్క్రూపుల్స్ 3.89 గ్రాములు. లెక్క చక్కగా సరిపోయింది కాబట్టి ‘మూడు స్క్రూపుల్స్’ అని పుస్తకంలో రాసుకున్నాను. కొన్ని నెలల తర్వాత అదే కట్టులో మసి పట్టిన ఇంకో బిళ్ళ తుడిస్తే దాని మీదా అదే ‘3’, పక్కన రెండు నిలువు గీతలు ఉన్నాయి. దాని బరువు 7.78 గ్రాములు. మూడు అంకె ఉన్న రెండు బిళ్ళలు వేరు వేరు బరువులు ఎలా తూగుతాయని తల పట్టుకున్నాక, అది అంకె కానే కాదని, డ్రామ్‌కు వైద్యులు వాడిన గుర్తు అని తెలిసింది. డ్రామ్ అంటే మూడు స్క్రూపుల్సే కావడం వల్ల నా తప్పు సరైన జవాబు వెనక హాయిగా దాక్కుంది. త్రాసు అబద్ధం చెప్పలేదు, నేనే దాని చేత చెప్పించాను.

రెండో తప్పు దిద్దుకోలేనిది. గంట ఆకారంలో ఉన్న ఒక ఇత్తడి రాయికి పట్టిన చిలుమును చూసి, అప్పటి నా అజ్ఞానంతో, మెరుగు మందు వేసి అరగంట సేపు తోమాను. బంగారంలా మెరిసింది. తోమక ముందు తీసిన ఫొటోలో భుజం దగ్గర కిరీటం, దాని కింద రాజు పేరు అక్షరాలు, ఒక అంకె లీలగా కనిపిస్తాయి. తోమాక అక్కడ నున్నటి ఇత్తడి తప్ప ఏమీ మిగలలేదు. బ్రిటన్‌లో 1879 నుంచి తనిఖీ అధికారులు తమ ప్రాంతానికి కేటాయించిన అంకెను కిరీటంతో పాటు ముద్రవేసేవారు. ఆ అంకెను బట్టి ఏ ప్రాంతంలో తనిఖీ అయిందో, రాజు అక్షరాలను బట్టి ఏ కాలంలో అయిందో తెలుసుకోవచ్చు. ఫ్రాన్సులో తనిఖీ జరిగిన ఏటికి ఒక అక్షరం వేసేవారు కాబట్టి, బాగా వాడిన రాయి మీద అక్షరాల వరుసే దాని జీవిత చరిత్ర. అలాంటి చరిత్రను నేను అరగంటలో మెరుగు గుడ్డకు అంటించేశాను. ఆ రాయి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఫొటోతో పాటు. అప్పటినుంచి ఇత్తడిని మెత్తటి పొడి గుడ్డతోనూ, మరీ మురికైతే చెక్క పుల్లతోనూ శుభ్రం చేయడం తప్ప మరేమీ చేయను. పాత త్రాసుల ఇత్తడి మీద తయారీదారు పూసిన లక్క పూత మిగిలి ఉంటే అది మెరుపు కన్నా విలువైనదని కూడా ఆ దెబ్బతోనే తెలిసింది.

ఉత్తరాల త్రాసులు చిన్నవి, ముద్దొస్తాయి, చోటు ఆక్రమించవు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది వాటినే. 1840లో బ్రిటన్‌లో రోలండ్ హిల్ సంస్కరణతో అర ఔన్సు వరకూ ఉన్న ఉత్తరానికి ఒకే తపాలా రుసుము వచ్చాక, 14 గ్రాముల గీతకు అటో ఇటో తెలుసుకోవాల్సిన అవసరం ప్రతి రాతబల్ల మీదికీ వచ్చింది. కొవ్వొత్తి స్తంభంలా నిలబడేవి, రోబర్వాల్ బుల్లి రూపాలు, వేలితో పట్టుకు వేలాడదీసేవి ఇలా లెక్కలేనన్ని రకాలు పుట్టాయి. వేదిక త్రాసుల గురించి నాకు చెప్పే అర్హత తక్కువ. జనపనార బండ్లను తూచడానికి వెర్మాంట్‌లోని సెయింట్ జాన్స్‌బరీలో థాడియస్ ఫెయిర్‌బ్యాంక్స్ 1831లో పేటెంటు తీసుకున్న ఆ గొప్ప యంత్రాలకు నా గదిలో చోటు లేదు.

ప్రయోగశాల త్రాసు కొనేవారికి మాత్రం ఒక్క హెచ్చరిక. గాజు పెట్టెలో ఉండే ఆ త్రాసుకు ముందు భాగంలో ఒక బిరడా ఉంటుంది. దాన్ని తిప్పితే దండం అగేటు అనే గట్టి రాతి పలకల మీద నుంచి పైకి లేచి ఆధారాల మీద నిలుస్తుంది. తూచే క్షణం తప్ప మిగతా సమయమంతా దండం అలాగే లేచి ఉండాలి. దాన్ని లేపకుండా, దండం అంచుల మీద ఊగుతుండగా పెట్టెను ఒక మెట్టు దించినా చాలు, అగేటు అంచు పెచ్చు లేచిపోతుంది. దండాన్నీ పళ్ళేలనూ వేరుచేసి, విడివిడిగా గుడ్డల్లో చుట్టి తీసుకువెళ్ళాలి. అలా విప్పినప్పుడు కొక్కేల మీద, పళ్ళేల మీద ఒక చుక్క, రెండు చుక్కల గుర్తులు వెతకండి. ఎడమది ఎడమకే, కుడిది కుడికే పోవాలని తయారీదారు పెట్టిన గుర్తులవి. చుక్కలు కలవకపోతే వేరే త్రాసు భాగాలు వచ్చి చేరాయన్నమాట. పాత వస్తువుల సంతల్లో ఇలాంటి కలగాపులగం పెళ్ళిళ్ళు చాలానే జరుగుతుంటాయి.

చైనాలో తయారైన చిన్న చేతి కాటాలు కూడా అందరికీ ఇష్టమే: వయొలిన్ ఆకారపు చెక్క డబ్బా, అందులో సన్నటి కాడ, కాడ మీద పొదిగిన చుక్కలే అంకెలు. కాడ ఎముకదా, దంతానిదా అన్నది ముందే తేల్చుకోవాలి. దంతమైతే, అంతరించే ప్రమాదం ఉన్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేస్తూ 1975 నుంచి అమల్లో ఉన్న సైట్స్ అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోకి వస్తుంది. వస్తువు ఎంత పాతదైనా సరిహద్దు దాటించడం మీ ఇష్టం మీద ఆధారపడి ఉండదు. ఎముకలో సన్నటి నల్లటి రంధ్రాలు, గీతలు కనిపిస్తాయి. దంతం అడ్డుకోతలో ఒకదానినొకటి కోసుకుపోయే వంపు గీతలు కనిపిస్తాయి. భూతద్దం ఉంటే పని సులువు.

తోడు కావాలనుకునేవారికి 1976లో షికాగోలో మొదలైన అంతర్జాతీయ పురాతన త్రాసుల సేకర్తల సంఘం ఉంది. ‘ఈక్విలిబ్రియం’ అనే పత్రిక వారిది. జర్మనీలోని బాలింగెన్‌లో త్రాసులకూ తూనికలకూ ఒక మ్యూజియమే ఉంది. గడియారాలు, లెక్కల యంత్రాలు, త్రాసులు మూడూ చేసిన పద్దెనిమిదో శతాబ్దపు పాస్టరు ఫిలిప్ మథాయస్ హాన్ పనిచేసిన ప్రాంతం అదే.

ఇప్పుడు నా బల్ల మీది సీసపు బిళ్ళ దగ్గరికి వస్తాను. మూడు వారాలు దాన్ని తాకకుండా ఊరుకుని, చివరికి ఒక సాయంత్రం వెలుగు పక్క నుంచి పడేలా దీపం పెట్టి, చెక్క పుల్లతో దాని మీది జిడ్డును మెల్లగా లేపాను. మసి కింద ఒక అక్షరం కనిపించింది. దాని పక్కన ఇంకొకటి, ఆ రెండింటి మీదుగా వంకరగా పడిన మూడోది. ఏటేటా తనిఖీకి వచ్చినవాడు ఆ సీసం మీదే ముద్ర కొట్టాడు. అంటే అది తనిఖీవాడికి తెలిసిన సీసం. అతని కళ్ళ ముందు పళ్ళేలు సమంగా నిలిచాకే ఆ ముద్రలు పడ్డాయి.

మరి 2 గ్రాములు ఎక్కడివి? దానికి జవాబు పళ్ళేల లోపలి వైపు ఉంది. సీసం ఉన్న పళ్ళెం నడుమ చిన్న చిన్న సొట్టలు, రాళ్ళ అడుగులు తిరిగిన గుండ్రటి గీతలు నిండా ఉన్నాయి; అది రాళ్ళు వేసిన పళ్ళెం. రెండో పళ్ళెంలో ఒక్క సొట్ట లేదు, కానీ అంచు మీద తయారీదారు కొట్టిన అక్షరాలు వేలికి తగలనంతగా చెరిగిపోయాయి. అదే అక్షరాలు మొదటి దాని మీద ఇంకా పదునుగా ఉన్నాయి. సరుకు పెట్టే పళ్ళేన్ని రోజూ తోమారు, రాళ్ళ పళ్ళేన్ని ఎవరూ తోమలేదు. తోమి తోమి 2 గ్రాముల ఇత్తడి పోయింది. సరుకు పళ్ళెం తేలికైతే ముల్లు మధ్యకు రావడానికి అంత సరుకు ఎక్కువ వేయాలి. కాబట్టి చివరి తనిఖీ తర్వాత ఆ త్రాసు ముందు నిలబడిన ప్రతి ఒక్కరికీ ఆ దుకాణదారుడు తనకు తెలియకుండానే 2 గ్రాముల వరకూ అదనంగా తూచి ఇచ్చాడు. పళ్ళేలను సరిచేయకుండా అలాగే ఉంచాను. ఎడమ పక్క ఎందుకు దిగిందో, సీసం మీద ఏ అక్షరాలు ఉన్నాయో ఒక చీటీ మీద రాసి పీఠం అడుగున పెట్టాను.